ఎదురుకాళ్ల దేవమ్మ

హైదరాబాదు,
12 జూలై 1938

అక్కా,

నేను బాగున్నాను. అమ్మా, బావా, నువ్వూ బాగున్నారనే ధైర్యంతో మొదలుపెడుతున్నాను. ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించేటప్పుడు శవం ఉన్న చోటల్లా దాటెయ్. అప్పుడే అన్నం తిని ఉంటే నువ్వు కూడా దాటెయ్.

మాకు శవాన్ని కోసి చూపించే పాఠాలు మొదలయ్యాయి. మా బల్ల మీదున్న మనిషి ఎవరో తెలియదు. ఆయన కోసం ఎవరూ రాలేదు కాబట్టి మా దగ్గరికి వచ్చాడు. బోర్లా పడుకోబెట్టి వీపుతో మొదలుపెట్టించారు. మొదటి రోజు నేను బయటికి పరుగెత్తి కక్కుకుంటే గదిలో నాతోపాటు ఉండే బషీర్ నా నెత్తిన చెంబెడు నీళ్లు పోశాడు. ఆ తర్వాత భయం పోయింది. ఇన్నాళ్లయినా ఆయన ముఖం మాత్రం మేమింకా చూడలేదు.

వీపంటే ఒకటే చెక్క అనుకుంటాం కదా. కాదక్కా, పొరలు పొరలుగా ఉంటుంది. అన్నిటికన్నా పైనున్న కండ, వానలో గొల్ల మల్లన్న తల మీంచి కొప్పెర పెట్టుకున్న గొంగడిలాగే ఉంది. తల వెనక నుంచి దిగి, రెండు భుజాల మీదా పరుచుకుని, వీపు మధ్యకు వచ్చేసరికి మొన తేలుతుంది. దాని కింద నడుము దగ్గర పుట్టి, పక్కటెముకలను చుట్టుకుని, చంక కింది నుంచి చేతి ఎముకను పట్టుకునే వెడల్పాటి కండ ఉంది. అమ్మ బావిలో చేద తోడేది దాని బలంతోనే. ఈ రెండూ పక్కకు తీస్తే అసలైనవి కనపడతాయి. వెన్నుపూసకు అటొకటి ఇటొకటి, నడుము అడుగు నుంచి మెడదాకా రెండు మోకులు. మనిషిని నిలబెట్టేవి అవే. వాటికీ కింద, ఒక పూసను ఇంకో పూసకు కట్టే చిన్న చిన్న కండలున్నాయి. అన్నిటికీ పేర్లు ఉర్దూలో నేర్చుకోవాలి. కండను ఇక్కడ అజలా అంటారు. నిద్రలో కూడా అవే పేర్లు గొణుగుతున్నానని బషీర్ నవ్వుతాడు.

ఇక అసలు సంగతి. ఎదురుకాళ్లతో పుట్టావని నీ కాలికి మహిమ అంటగట్టి, నడుము పట్టినవాళ్లందరూ నీతో తొక్కించుకోవడానికి మన ఇంటికే వస్తారు కదా. ఆ మహిమ గుట్టు తెలిసిపోయింది. నీ మడమ పడేది ఆ రెండు మోకుల మీద. బిగుసుకున్న కండ బరువు పడితే వదులుతుంది. అంతే! నువ్వు కాళ్లు ముందు పెట్టి పుట్టినా, బావలాగా తల ముందు పెట్టి పుట్టినా ఒకటే. కావాలంటే ఈసారి బావతో తొక్కించి చూడు.

అమ్మకు ఎండాకాలంలో వచ్చిన నడుము నొప్పి తగ్గిందా?

నీ తమ్ముడు,
శ్రీశైలం

*

పాన్‌గల్,
3 ఆగస్టు 1938

తమ్ముడు శ్రీశైలానికి,

నా కాలి పరువు తీయడానికి హైదరాబాదు దాకా పోయి చదవాలా? అది ఇక్కడే ఉండి చేయొచ్చు కదా!

నువ్వు చెప్పినట్టే బావతో తొక్కించాను. బడి చెప్పే యోసేపు పంతులుకు నడుము పట్టిందని వస్తే, "మా తమ్ముడు డాక్టరు చదువుతుండు, ఎవరు తొక్కినా ఒకటేనట" అని బావను లేపాను. పంతులు ఆ వారమంతా బడికి రాలేదు. నాకు అక్షరాలు దిద్దబెట్టిన మనిషి, ఇప్పుడు నేను ఎదురైతే అటు తిరిగి పోతున్నాడు. ఆ పాపం నీది.

మొన్న గద్వాల నుంచి మున్నీబీ అనే ఆమెను బండిలో పడుకోబెట్టి తెచ్చారు. "జర మెల్లగ తొక్కమ్మా, పాణం పోతుంది" అని ముందే ఏడ్చింది. తొక్కాక లేచి, మన వాకిట్లో రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, బండి వెనక నడుచుకుంటూ పోయింది. నీ మోకులో, నా మహిమో, ఆమెకు మాత్రం తగ్గింది.

అమ్మకు తగ్గలేదు. నన్ను తొక్కనివ్వదు. "కన్నతల్లి ఈపు మీద కాలు వెడ్తవానే? పుట్టిననాడు వెట్టిన కాలు సాలదా?" అంటుంది. నొప్పి నడుము కన్నా కాస్త పైన, వీపు మధ్యలో. అమ్మ తీరు నువ్వు చూడాలి. కింద చిక్కుడుకాయ పడితే వంగి తీయదు. రోకలి మింగినట్టు నిటారుగా కూర్చుని, తొడ మీద చెయ్యి ఆనించి, కాయ తీసుకుని అట్లాగే నిటారుగా లేస్తుంది. మేం నవ్వితే ఆమె కూడా నవ్వుతుంది. నీ గొంగడి కండ సంగతి చదివితే, "నాకు గా లోపలి గొంగడి సాలదు. పొద్దుగూకితే పైన గూడ ఇంకోటి గావాలె" అంది. నిజమే, సాయంత్రమయ్యేసరికి చలి అని గొంగడి కప్పుకుంటోంది. వానలు కదా.

ఆ బల్ల మీది మనిషికి నా తరఫున దండం పెట్టు.

అక్క,
దేవమ్మ

*

హైదరాబాదు,
6 సెప్టెంబరు 1938

అక్కా,

పంతులు సంగతి చదివి నేనూ బషీరూ నవ్వలేక చచ్చాం. చిక్కుడుకాయ సంగతి చదివి ఇంకా నవ్వాం. నవ్వు సరే గానీ, అమ్మ నొప్పి ఇట్లా నెలల తరబడి సాగకూడదు. ఈ భాగం ఆమెకు నిదానంగా చదివి వినిపించు.

అమ్మా, నీ వీపులో ఉన్న రెండు మోకులు బిగుసుకుపోయి ఉన్నాయి. జబ్బు కాదు, వట్టి పట్టు. అక్క కాలు నీ వెన్నెముక మీద పడదు, దానికి అటూ ఇటూ ఉన్న కండల మీదే పడుతుంది. బోర్లా పడుకుని తొక్కించుకో. కూతురు కాలు తగిలితే పాపమంటావా, తొక్కమన్నది నేను. పాపమేదైనా ఉంటే అది నా ఖాతాలో వేసుకుంటాను. ఇన్ని పేర్లు కంఠస్థం చేసినవాణ్ణి, ఈ ఒక్క మాట నమ్మవా?

అక్కా, ముందు ఇసుక వేయించి మూటగట్టి కాపడం పెట్టు. తర్వాత తొక్కు. మడమ ఆనించి, పూసను వదిలి, పక్కన. నేను ఇక్కడ ప్రతిరోజూ వేలితో తడిమి చూసే చోటే అది. నాకు బాగా తెలుసు.

శ్రీశైలం

*

పాన్‌గల్,
10 అక్టోబరు 1938

తమ్ముడూ,

నీ మాట అమ్మ మీద పనిచేసింది. నేను నెలల తరబడి బతిమాలితే కాదన్న మనిషి, నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని, "పోరడు సదువుకున్నోడు, ఊకె చెప్పడు" అని తానే చాప పరుచుకుని బోర్లా పడుకుంది. తొక్కాను. ఆ తర్వాత నిద్రపోయింది. నొప్పి మొదలైన తర్వాత అంత నిద్ర పోవడం అదే మొదలు.

దసరా రోజు జమ్మిచెట్టు దాకా నడిచి వచ్చింది. మెల్లగానే అనుకో. జమ్మి ఆకు నీకని ఒకటి కొంగున ముడివేసుకుంది, ఈ ఉత్తరంలో పెడుతున్నాను. "శివరాత్రికి సోమశిల పోయి కృష్ణల మునగాలె, పోరడు గూడ రావాలె" అని ఇప్పటి నుంచే బండి మాట్లాడమని బావను సతాయిస్తోంది.

ఒక సంగతి అడుగుతాను. నడుము పట్టినవాళ్లను తొక్కకుండా వదిలేస్తే ఆ కండ ఏమవుతుంది? దానంతటది వదులుతుందా? ఊరికే, తెలుసుకుందామని.

అక్క

*

హైదరాబాదు,
14 నవంబరు 1938

అక్కా,

జమ్మి ఆకు నా ఉర్దూ పుస్తకంలో, వీపు బొమ్మ ఉన్న చోట దాచుకున్నాను. అమ్మ నడిచిందని చదివి, నేనే వైద్యం చేసినంత సంబరపడ్డాను. బల్ల దగ్గర అందరికీ చెప్పాను. మా అమ్మ నా మొదటి రోగి అని, మా అక్క నా కాలు అని!

నువ్వడిగినదానికి జవాబు: తొక్కకుండా, కాపడం పెట్టకుండా వదిలేస్తే పట్టిన కండ ఇంకా బిగుస్తుంది. బిగిసి బిగిసి మనిషిని కదలనివ్వదు. కాబట్టి ఆపొద్దు. వారం వారం తొక్కుతూ ఉండు.

మేం వీపు ముగించాం. మొన్న ఆయన్ను వెల్లకిలా తిప్పారు. ముఖం చూశాం. మామూలు రైతు ముఖం, నాన్న పోయేనాటి వయసుంటుంది. దండం నీ తరఫున పెట్టాను.

సోమశిలకు తప్పకుండా వస్తాను. పరీక్షలు ఆ తర్వాతే.

శ్రీశైలం

*

పాన్‌గల్,
9 జనవరి 1939

తమ్ముడూ,

ఇది రాయొద్దని అమ్మ ఒట్టు పెట్టించుకుంది. పరీక్షలున్నాయట, పరేషాన్ చేయొద్దట. కానీ నీకు తప్ప ఇంకెవరికి రాయను?

అమ్మ కాళ్లు బాగాలేవు. నెల కింద చేనుకు పోయి వస్తూ ఒక చెప్పు దారిలో వదిలేసి వచ్చింది. ఇంటికి వచ్చేదాకా చెప్పు లేదని ఆమెకు తెలియలేదు. పిల్లలు తెచ్చిచ్చారు. అప్పుడు కూడా నవ్వుకున్నాం. ఇప్పుడు లేచి నిలబడితే కాళ్లు వణికి కూలబడుతోంది. "నా కాళ్లు ఎవలివో తీరుగున్నయి" అంటోంది. సాయంత్రం ఒళ్లు కాలుతోంది. వనపర్తి దవాఖానకు తీసుకుపోదామని బావ బండి కడితే, ఆ కుదుపుకు అరిచిన అరుపు విని మధ్య దారిలోంచి వెనక్కి తెచ్చాడు.

కాళ్లు పోయేది ఏ కండవల్ల? మోకులు అంత బిగిశాయా? నువ్వు రాసినట్టే అయిందా? వెంటనే రాయి. రాయడం కన్నా రా.

అక్క

*

హైదరాబాదు,
2 మార్చి 1939

అక్కా,

నీ జనవరి ఉత్తరం చూసి సెలవు చీటీ రాస్తుండగానే తంతి వచ్చింది. నేను వచ్చేసరికి అమ్మను సాగనంపి కూర్చున్నారు. దినాలయ్యేదాకా మన ఇంట్లోనే ఉన్నాను, నీతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాట్లాడలేకపోయాను. నువ్వు కూడా నా ముఖం చూడలేదు. చూడకపోవడమే న్యాయం.

ఆ చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను. తంతి రావడానికి ముందు రోజు పిల్లల వార్డులో మా గురువుగారు ఒక చిన్న పిల్ల ముందు తాళంచెవి పడేసి తీయమన్నారు. ఆ పిల్ల వంగలేదు. నిటారుగా కూర్చుని, తొడ మీద చెయ్యి ఆనించి తీసి, నిటారుగా లేచింది. చుట్టూ ఉన్నవాళ్లు రాసుకుంటున్నారు. నాకు నీ ఉత్తరంలోని చిక్కుడుకాయ కనపడింది. అక్కా, అది పట్టు కాదు. వెన్నుపూసకు క్షయ పట్టి లోపల పుచ్చిపోతోంది. సాయంత్రం చలి అని కప్పుకున్న గొంగడి వానలవల్ల కాదు, అది జ్వరం. ఆ రెండు గుర్తులూ నువ్వు ఆగస్టులోనే రాశావు. నేను చదివి నవ్వాను.

కండలు బిగుసుకున్నది వాటికి జబ్బు చేసి కాదు. పుచ్చిన పూస కదలకుండా అవి పట్టుకుని ఉన్నాయి. వాటిని తొక్కి వదిలించమన్నాను. వారం వారం తొక్కమన్నాను. ఒప్పుకోని మనిషిని ఒప్పించాను. పాపం నా ఖాతాలో అన్నాను కదా, వచ్చి చేరింది. పూస కూలి లోపలి వెన్నుపామును నొక్కేసింది, కాళ్లు పోయాయి. నీ కాలు కాదు అక్కా, అది నా కాలు.

శవాల కోత గదిలోకి మళ్లీ పోలేదు. పోను కూడా. ఈ నెలాఖరుకు పేరు కొట్టేయించుకుని వస్తాను. బావ వెనక నాగలి పట్టుకుంటాను. పొలం దున్నేవాడి చేతికి ఎవరూ తమ వీపు అప్పగించరు.

శ్రీశైలం

*

పాన్‌గల్,
20 మార్చి 1939

తమ్ముడూ,

నీ ఉత్తరం బావ ముందు చదవలేక చేనుకు తీసుకుపోయి చదివాను. పేరు కొట్టేయించకు. నేను చెప్పేది విన్న తర్వాత నన్ను తిట్టాలనుకుంటే తిట్టు, కానీ అక్కడే ఉండి తిట్టు.

నేను తొక్కలేదు.

ఆ రోజు అమ్మ చాప మీద బోర్లా పడుకుంది. రవిక విప్పి కళ్లు మూసుకుంది. నేను గోడ పట్టుకుని కాలెత్తాను. ఆ వీపు నేను ఎన్నడూ అట్లా చూడలేదు. చిక్కిపోయింది. మధ్యలో ఒక ఎముక, గుడ్డ కింద శనగగింజ పెట్టినట్టు పైకి లేచి ఉంది. ఎంతమంది నడుములు తొక్కాను, ఎన్నడూ వణకని కాలు వణికింది. పాపం గీపం గుర్తు రాలేదు. కాలు దించలేకపోయాను, అంతే. అమ్మకు తెలియకుండా పక్కన కూర్చుని, నూనె రాసి, అరచేతితో మెల్లగా నిమిరాను. "పాణం లేసొచ్చింది బిడ్డా, మొదలే తొక్కించుకోవాల్సుండె" అని నిద్రపోయింది. లేచాక, "నీ కాలు గింత మెత్తగుంటదని తెల్వదే" అంది. వారం వారం అదే చేశాను. నీకు మాత్రం తొక్కానని అబద్ధం రాశాను.

తర్వాత నీ జవాబు వచ్చింది. తొక్కకుండా వదిలేస్తే ఇంకా బిగుస్తుందని, మనిషిని కదలనివ్వదని. అది చదివిన రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. అమ్మ కాళ్లు కూలినప్పుడు నా చేతకానితనంవల్లే కూలాయనుకున్నాను. ఊరందరినీ నడిపించి, కన్నతల్లిని నేలకు వేశాననుకున్నాను. నువ్వు వచ్చి మాట్లాడకుండా తలవంచుకుని కూర్చుంటే, తమ్ముడికి తెలిసిపోయింది, నన్ను క్షమించడు అనుకున్నాను. అందుకే నీ ముఖం చూడలేదు.

ఇప్పుడు నిజం చెప్పు. నా మీద జాలితో రాయకు. నేను నువ్వన్నట్టు తొక్కి ఉంటే అమ్మ నడిచేదా?

దేవమ్మ

*

హైదరాబాదు,
1 ఏప్రిల్ 1939

అక్కా,

లేదు. లేదు. లేదు.

నువ్వు తొక్కి ఉంటే ఆ చాప మీదే అమ్మ కాళ్లు పోయేవి. ఇది జాలి మాట కాదు, గురువుగారిని అడిగి మరీ రాస్తున్నాను. పైకి లేచిన ఆ ఎముకే పుచ్చిన పూస. దాన్ని కాపాడుతున్న కండలను నువ్వు వదిలించలేదు. అందుకే అమ్మ జమ్మిచెట్టు దాకా నడిచింది, అందుకే నా పుస్తకంలో ఆ ఆకు ఉంది. నా చదువంతా ఒకవైపు, వణికిన నీ కాలు ఒకవైపు ఉంటే, ఆ కాలే సరైనదైంది.

నీ ఉత్తరం చదివి సంతోషంతో ఏడ్చాను. అమ్మ పోయింది, ఇంక సంతోషమేమిటని సిగ్గుపడి మళ్లీ ఏడ్చాను. బషీర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. అయినా ఒకటి నా దగ్గరే ఉంటుంది. ఆగస్టులోనే గుర్తుపట్టి ఉంటే అమ్మను తెచ్చి ఇక్కడ కదలకుండా పడుకోబెట్టేవాళ్లం. కొందరు అట్లా బతుకుతారు. అది నువ్వు పంచుకోవద్దు.

నిన్న కోత గదికి పోయాను. పేరు కొట్టేయించను.

నువ్వు కూడా ఎవరినీ తిప్పి పంపకు. ఒక్కటి చెయ్యి. ఎవరొచ్చినా ముందు కింద ఏదైనా వేసి తీయమను. వంగనివాళ్లను ముట్టకుండా దవాఖానకు పంపు.

శ్రీశైలం

*

పాన్‌గల్,
19 ఏప్రిల్ 1939

తమ్ముడు శ్రీశైలానికి అక్క దీవెన.

నువ్వు గదికి పోయావని బావకు చెప్తే, "నాగలి నాకే మిగిలిందన్నమాట" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఇంట్లో నవ్వు వినపడింది.

గద్వాల మున్నీబీ మళ్లీ వచ్చింది. చిక్కుడుకాయ కింద వేసి తీయమన్నాను. "గిదేంది దేవమ్మా, నడుము నొస్తుందంటే కాయలు ఏరమంటవు?" అని తిడుతూనే వంగి తీసింది. తొక్కాను. నా కాలు వణకలేదు.

నీ ఉత్తరం నన్ను బతికించింది. కానీ అందులో ఒక మాట పూర్తిగా నిజం కాదు. అమ్మ వీపు మీద నా కాలు అసలు పడనే లేదని నువ్వనుకుంటున్నావు. ఒక్కసారి పడింది. చివరి రోజు, దీపం పెట్టే వేళ.

అప్పటికి అమ్మకు కాళ్లు పూర్తిగా పోయి కొన్ని రోజులైంది. నన్ను పిలిచి, "నీ కాలు మంచిది బిడ్డా. ఒక్కపారి తొక్కు, లేస్తనేమో. సోమశిల పోదాం" అంది. బావా నేనూ మెల్లగా పక్కకు తిప్పాం. ఇన్నాళ్లూ చేత్తో మోసం చేశాను, ఈ ఒక్కసారైనా అడిగింది ఇద్దామనిపించింది. బరువంతా రెండో కాలి మీదే ఉంచుకుని, ఆరని అలుకు మీద పెట్టినట్టు, ఆమె నడుము మీద పాదం ఆనించాను. భయపడకు, ఈగ వాలినంత బరువు కూడా వేయలేదు. ఆమె ఒళ్లు వేడి నా పాదానికి తెలుస్తోంది.

అమ్మ కళ్లు మూసుకుని ఎదురుచూసింది. చాలాసేపు ఎదురుచూసింది.

"ఇంక వెట్టవేందే?" అంది.

"వెడ్తున్ననమ్మా" అన్నాను.

"సిగ్గువడకు బిడ్డా. పాపం లేదని తమ్ముడు రాసిండు గద. వెట్టు."

నా కాలు అక్కడే ఉంది.

ఆమెకు ఎందుకు తెలియలేదో నీ చదువులో ఉండే ఉంటుంది. అది మాత్రం నాకు రాయకు.

అక్క,
దేవమ్మ